కుదురు లేని పిల్లలు: అల్లరికీ ఏడీహెచ్‌డీకీ తేడా ఎలా తెలుస్తుంది?



స్కూళ్లలో పేరెంట్స్ మీటింగులు జరిగిన వారంలో పిల్లల డాక్టర్ల దగ్గర ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. జ్వరాలు, దగ్గులతో వచ్చినవాళ్ల మధ్య, ఒంట్లో ఏ నలతా లేని పిల్లాణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన తల్లి ఉంటుంది. "వీడికి బొత్తిగా కుదురు లేదండీ. చెప్పిన మాట చెవికెక్కదు. టీచర్లందరూ వీడి మీదే కంప్లయింట్లు" అంటుంది. పక్కనే ఉన్న నాయనమ్మ "మగపిల్లాడన్నాక ఆ మాత్రం అల్లరి ఉండదా?" అంటుంది. తండ్రి కూడా వచ్చి ఉంటే "గారాబం ఎక్కువైందండీ, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అంటాడు. ముగ్గురూ ఆ పిల్లాడి మేలు కోరేవాళ్లే. అయితే ముగ్గురూ తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఇది వయసుకు తగ్గ అల్లరా, లేక వాడు అదుపు చేసుకుందామన్నా అదుపులోకి రాని ఇబ్బందా? ఆ ఇబ్బంది పేరు ఏడీహెచ్‌డీ. దాన్ని ఇంట్లో, బడిలో ఎలా గుర్తుపట్టాలో ఈ రోజు చెప్పుకుందాం.

ఏడీహెచ్‌డీ అంటే అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్. చేస్తున్న పని మీద ధ్యాస నిలవకపోవడం, ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, ఆగి ఆలోచించకుండా తొందరపడిపోవడం ఇందులో ప్రధాన లక్షణాలు. కొందరిలో ధ్యాస లోపం ఒక్కటే ఎక్కువగా ఉంటుంది. కొందరిలో కుదురు లేకపోవడం, తొందరపాటు ఎక్కువ. మూడూ కలిసి ఉన్న పిల్లలూ చాలామందే. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, బడి ఈడు పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఈ సమస్య ఉంటుందని అంచనా. 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరన్నమాట. వాళ్లకు తెలివితేటలు తక్కువని అనుకోకండి. తెలివి ఉండి కూడా దాన్ని పనిలో పెట్టలేకపోవడమే వాళ్ల బాధ.

ఇది సెల్‌ఫోన్లు తెచ్చిన జబ్బని చాలామంది నమ్మకం. కానీ 1798లోనే అలెగ్జాండర్ క్రిక్టన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు, దేని మీదా ధ్యాస నిలపలేని మనుషుల గురించి తన పుస్తకంలో రాశాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివితేటలు బాగానే ఉన్నా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. అంతటి వైద్యుడు కూడా అప్పట్లో దాన్ని నైతిక నిగ్రహంలో లోపంగానే చూశాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, ఒక మందు ఇచ్చాక కొందరు పిల్లలు నెమ్మదించి, చదువు మీద శ్రద్ధ పెట్టడం గమనించాడు. బుద్ధులు నేర్పితే రాని మార్పు మందుతో వచ్చిందంటే, సమస్య బుద్ధిలో కాక మెదడు పనితీరులో ఉందని ఆలోచించడం మొదలైంది. ఏడీహెచ్‌డీ అనే పేరు 1987లో స్థిరపడింది. ఇదంతా మన పిల్లల చేతికి ఫోన్లు రావడానికి ఎంతో ముందు జరిగిన కథ.

ఇక లక్షణాల దగ్గరికి వద్దాం. ముందు ధ్యాస సంగతి.

మూడో తరగతి చదువుతున్న ఒక పిల్లాడు సాయంత్రం హోంవర్కుకు కూర్చున్నాడనుకోండి. ఎనిమిది లెక్కలున్నాయి. మొదటి నాలుగు కూడికలు, తర్వాతి నాలుగు తీసివేతలు. మొదటి లెక్క అవగానే పెన్సిల్ చెక్కుకోవడానికి లేస్తాడు. చెక్కుతూ చెక్కుతూ ఆ పొట్టుతో ఆడుకుంటాడు. తల్లి కేకేస్తే వచ్చి ఇంకో రెండు లెక్కలు చేస్తాడు. వీధిలో కూరగాయల బండి అరుపు వినపడితే గుమ్మం దగ్గరికి పరుగెడతాడు. పావుగంటలో అయ్యే పని గంటన్నర పడుతుంది. చివరికి నోటుబుక్కు చూస్తే ఎనిమిదీ కూడికలుగానే చేసి ఉంటాడు. ఐదో లెక్క దగ్గర గుర్తు మారిన సంగతి వాడి కంట పడలేదు. "తీసివేత రాదా నీకు?" అని అడిగి, పక్కన కూర్చుని ఒక్కొక్కటే వేలుపెట్టి చూపించండి. నాలుగూ తప్పు లేకుండా చేసేస్తాడు. శ్రోతలు గమనించవలసింది ఇక్కడే. వచ్చిన లెక్కే తప్పుతున్నాడు. తెలిసిన స్పెల్లింగే వదిలేస్తున్నాడు. రోజుకో రబ్బరు, వారానికో కంపాస్ బాక్సు పోగొడుతున్నాడు. "స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకుని రా" అని మూడు పనులు చెబితే, ఒకటి చేసి మిగతా రెండూ మరిచిపోతున్నాడు. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా విననట్టే ఉంటాడు. ఎక్కువసేపు బుర్ర పెట్టి చెయ్యాల్సిన పని అంటే చాలు, తప్పించుకు తిరుగుతాడు.

రెండోది కుదురు. బెంచీ మీద కూర్చున్నా చేతులూ కాళ్లూ ఆగవు. తరగతి మధ్యలో లేచి తిరుగుతాడు. అన్నం తింటూ నాలుగుసార్లు కంచం దగ్గర్నుంచి లేస్తాడు. పెళ్లికి వెళ్తే అక్కడున్న పిల్లలందరూ అలసిపోయి నిద్రపోయినా వీడు గోడలెక్కుతూనే ఉంటాడు. మాట్లాడటం మొదలుపెడితే ఆపడు. వయసు పెరిగేకొద్దీ ఈ లక్షణం రూపు మారుతుంది. ఆరేళ్లప్పుడు పరుగులు పెట్టినవాడు పద్నాలుగేళ్లకు కూర్చునే ఉంటాడు గానీ కాలు ఊపుతూనే ఉంటాడు, లోపల ఏదో తొందర తోసేస్తున్నట్టు ఉంటుందని తనే చెబుతాడు. పైకి నెమ్మదించాడు కాబట్టి తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ధ్యాస లోపం మాత్రం చాలామందిలో అలాగే ఉండిపోతుంది.

మూడోది తొందరపాటు. టీచరు ప్రశ్న పూర్తి చెయ్యకముందే జవాబు అరిచేస్తాడు. ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేడు, వరసలో ముందుకు దూరతాడు. పెద్దవాళ్ల మాటల మధ్యలో అడ్డం పడతాడు. బంతి కోసం అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి ఉరుకుతాడు. తోటి పిల్లాణ్ని తోసేసి, వాడు ఏడిస్తే తనూ బాధపడతాడు, రేపు మళ్లీ తోస్తాడు. ఇలాంటి పిల్లలకు దెబ్బలు తగలడం, ప్రమాదాలు జరగడం మిగతా పిల్లలకంటే ఎక్కువ. స్నేహితులు నిలవకపోవడం అంతకన్నా పెద్ద దెబ్బ. పుట్టినరోజు పార్టీలకు తరగతిలో అందరినీ పిలిచి తనను పిలవలేదని తెలిసిన పిల్లాడి మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పటిదాకా చెప్పిన పిల్లాడు కనీసం అందరి కంటా పడతాడు. వాడి గురించి ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, ఆ ఫిర్యాదే వాణ్ని డాక్టరు దగ్గరికి చేరుస్తుంది. నాకు ఎక్కువ బెంగ కలిగించేది ఎవరి కంటా పడని పాప గురించి. ఆ పాప మూడో బెంచీలో బుద్ధిగా కూర్చుంటుంది. కళ్లు టీచరు మీదే ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి లేచి, ఏ పాఠం జరుగుతోందో తెలియక పక్కపిల్ల పుస్తకంలోకి చూస్తుంది. డిక్టేషన్ నోటుబుక్కులో మొదటి రెండు వాక్యాలు గుండ్రటి అక్షరాలతో చక్కగా ఉంటాయి, ఆ తర్వాత మధ్యమధ్యలో మాటలు ఎగిరిపోతాయి. హోంవర్కు చేస్తుంది, పుస్తకం ఇంట్లో మరిచిపోయి వస్తుంది. అల్లరి చెయ్యదు, ఎదురు చెప్పదు. అందుకే ప్రోగ్రెస్ కార్డు మీద ప్రతిసారీ "శ్రద్ధ పెడితే ఇంకా బాగా చదవగలదు" అన్న ఒక్క మాటే పడుతుంది. ఏడీహెచ్‌డీ ఉందని నిర్ధారణ అయ్యే పిల్లల్లో మగపిల్లల సంఖ్య ఆడపిల్లలకు రెండు మూడు రెట్లు ఉండటానికి ఒక కారణం ఇదే. ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు పరధ్యానంగానే ఉంటుంది, దాన్ని నెమ్మదితనమని, బద్ధకమని అందరూ వదిలేస్తారు. పదో తరగతికి వచ్చేసరికి ఆ పాపే తాను మొద్దునని నమ్మేస్తుంది.

మరి ఈ లక్షణాల్లో కొన్ని ఏ పిల్లల్లో ఉండవు? ప్రతి పిల్లా వస్తువులు పోగొడుతుంది, ప్రతి పిల్లాడూ గెంతుతాడు. మూడేళ్ల పిల్లాడు ఒకచోట కూర్చోకపోవడం ఆరోగ్య లక్షణం. అందుకే వైద్యులు ఒక్క లక్షణాన్ని పట్టుకుని తీర్పు చెప్పరు. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 అనే ప్రామాణిక గ్రంథం ధ్యాసకు సంబంధించి తొమ్మిది లక్షణాలు, కుదురు, తొందరపాట్లకు సంబంధించి తొమ్మిది లక్షణాలు చెబుతుంది. పిల్లల్లో ఈ రెంటిలో ఏదో ఒక వర్గం నుంచి కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలకు తక్కువ కాకుండా కొనసాగుతూ ఉండాలి. 12 ఏళ్లు నిండకముందే కొన్ని లక్షణాలు మొదలై ఉండాలి. ఇంట్లో, బడిలో, బంధువుల దగ్గర, ఇలా కనీసం రెండు చోట్ల కనిపించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వాటి వల్ల పిల్లల చదువుకో, స్నేహాలకో, ఇంట్లో సఖ్యతకో నష్టం జరుగుతూ ఉండాలి. ఇంట్లో ఇల్లు పీకి పందిరేసి, బడిలో బుద్ధిగా చదువుకుని వచ్చే పిల్లాడి విషయంలో తొందరపడి ఈ పేరు పెట్టకూడదు. మూడు నెలల కిందటి దాకా బాగా ఉండి, ఉన్నట్టుండి చదువు మీద ధ్యాస తప్పిన పిల్ల విషయంలో కారణం ఇంకేదో ఉందని వెతకాలి.

ఆ ఇంకేదో అన్న జాబితా కూడా పెద్దదే. చెవి సరిగా వినపడని పిల్లాడు మాట విననట్టే కనిపిస్తాడు. బోర్డు మీది అక్షరాలు ఆనని పాప పరధ్యానంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగి, రాత్రంతా గురక పెడుతూ నోటితో గాలి పీల్చే పిల్లాడికి నిద్ర చాలదు. పిల్లలకు నిద్ర చాలకపోతే మనలా తూగరు, చిరాకుపడి గెంతుతారు. రక్తహీనత, థైరాయిడ్ సమస్యలు ధ్యాసను దెబ్బతీస్తాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి మళ్లీ మామూలైపోవడం ఒక రకం మూర్ఛ కావచ్చు. తండ్రి తాగి వచ్చి గొడవ చేసే ఇంట్లో, తల్లిదండ్రుల మధ్య మాటల్లేని ఇంట్లో, చిన్నప్పుడే హాస్టల్లో వేసిన పిల్లల్లో బెంగ కూడా పైకి ధ్యాస లోపంలా కనపడుతుంది. తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలోకి మారిన పిల్లలకు పాఠం అర్థంకాదు. అర్థంకాని పాఠం మీద ఎవరి ధ్యాస మాత్రం నిలుస్తుంది? తరగతిలో అందరికంటే చిన్న వయసు పిల్లల మీద ఈ ముద్ర ఎక్కువగా పడుతోందని అనేక దేశాల అధ్యయనాలు చెప్పాయి. ఏడాది ముందే బడిలో చేర్చి, పక్కవాడితో పోల్చి చూడటం ఆ పిల్లలకు అన్యాయం. ఇవన్నీ పరీక్షించి పక్కన పెట్టాకే డాక్టర్లు ఏడీహెచ్‌డీ మాట ఎత్తుతారు. చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఏడీహెచ్‌డీతో కలిసి ఉండటమూ మామూలే కాబట్టి, ఒకటి దొరికాక రెండోదాన్ని వెతకడం మానకూడదు.

"ఫోన్ చేతిలో పెడితే రెండు గంటలు కదలడు, మరి ఏకాగ్రత లేదంటారేమిటి?" ఈ ప్రశ్న అడగని తల్లిదండ్రులు అరుదు. ఫోన్‌లో ఆట క్షణానికో రంగు, క్షణానికో చప్పుడు చూపిస్తుంది, గెలిచిన వెంటనే పాయింట్లు ఇస్తుంది. అక్కడ ధ్యాసను పిల్లాడు నిలపక్కర్లేదు, ఆటే లాగి పట్టుకుంటుంది. ఎక్కం వల్లె వేసేటప్పుడు అలా లాగేది ఏదీ ఉండదు. తన ధ్యాసను తనే నిలుపుకోవాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి చేతకానిది ఆ పనే. అందుకని ఫోన్ చూడగలుగుతున్నాడు కాబట్టి చదవకపోవడం పొగరేనని తేల్చెయ్యకండి. ఫోన్ సమయం తగ్గించడం, వేళకు పడుకోబెట్టడం ఏ పిల్లలకైనా మంచివే. అయితే ఏడీహెచ్‌డీ ఫోన్ వల్ల పుట్టదు. చక్కెర, చాక్లెట్ల వల్ల వస్తుందన్నది కూడా పరిశోధనల్లో నిలబడని మాట.

అయితే ఎందుకొస్తుంది? కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, ఇందులో వంశపారంపర్యం పాత్ర నాలుగింట మూడొంతులు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఇది కొంత ఎక్కువ. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడును స్కాన్ చేసి చూశారు. మామూలు పిల్లల్లో ఏడున్నర ఏళ్లకల్లా మెదడు పైపొర చేరుకునే దశను, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు పదిన్నర ఏళ్లకు చేరుకుంటున్నారు. అంటే ఎదుగుదల ఆగిపోలేదు, సుమారు మూడేళ్లు వెనక నడుస్తోంది. ధ్యాసను, తొందరపాటును అదుపులో ఉంచే ముందుభాగంలోనే ఈ ఆలస్యం ఎక్కువ. తండ్రులు తరచుగా "నేనూ చిన్నప్పుడు ఇంతేనండీ, బాగానే బతకట్లేదా?" అంటుంటారు. పిల్లాడికేమీ లేదని చెప్పడానికి వాళ్లు ఆ మాట అంటారు. డాక్టరుకు మాత్రం అది కుటుంబ చరిత్రలో దొరికిన ఆధారం. ఆ తండ్రి చిన్నప్పుడు తిన్న దెబ్బలు, మధ్యలో ఆగిన చదువు, ఒకదాని తర్వాత ఒకటి మారిన ఉద్యోగాల గురించి నెమ్మదిగా అడిగితే, బాగానే బతికానన్న మాట వెనక ఆయన ఎంత కష్టపడ్డాడో బయటికొస్తుంది.

దెబ్బల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ మాట సూటిగా చెబుతాను. దండం దశగుణం భవేత్ అన్న సామెతను మనం పిల్లల వీపుల మీద విచ్చలవిడిగా వాడుకున్నాం. చూపు మందగించిన పిల్లాణ్ని "సరిగ్గా చూడు" అంటూ కొడితే అక్షరాలు కనిపిస్తాయా? ధ్యాస నిలవని పిల్లాణ్ని కొట్టినా అంతే. దెబ్బ పడ్డ పది నిమిషాలు భయంతో కూర్చుంటాడు. ఆ పది నిమిషాల్లో వాడు నేర్చుకునేది ఎక్కాలు కాదు, తాను చెడ్డవాడినన్న నమ్మకం. పిల్లలను బడిలో కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధమని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఇంటికీ అదే న్యాయం వర్తించాలి.

అనుమానం కలిగితే ఏం చెయ్యాలి? ఏడీహెచ్‌డీని తేల్చి చెప్పే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. తల్లిదండ్రులు, టీచర్లు చెప్పే వివరాలు, వాళ్లు నింపే ప్రశ్నావళి, డాక్టరు పరిశీలన, వీటి మీదే నిర్ధారణ ఆధారపడుతుంది. కాబట్టి మీరు ఎంత నిక్కచ్చిగా చెబితే నిర్ధారణ అంత నిక్కచ్చిగా ఉంటుంది. "అస్తమానం అల్లరే" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ఒక నోటుబుక్కు పెట్టుకుని రెండు వారాలు రాయండి. ఏ రోజు, ఏ సమయంలో, ఎక్కడ, ఏం జరిగింది, ఎంతసేపు, ఆ తర్వాత ఏమైంది? పిల్లాడు బాగా చేసిన పనులూ రాయండి. క్లాస్ టీచరును కూడా తనకు కనిపించింది రాసిమ్మనండి. తప్పులున్న నోటుబుక్కులు, పాత ప్రోగ్రెస్ కార్డులు వెంట తీసుకెళ్లండి.

ముందు పిల్లల డాక్టరును కలవండి. అక్కడి నుంచి అవసరాన్ని బట్టి మానసిక వైద్యుల దగ్గరికి, క్లినికల్ సైకాలజిస్టుల దగ్గరికి పంపుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో పరీక్షించే ఆరోగ్య సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆ బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. వాళ్లు వచ్చినప్పుడు టీచర్లు ఎత్తు, బరువులతో ఆపకుండా, ఇలాంటి పిల్లలను చూపించాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు ఉన్నాయి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చికిత్స గురించి భయపడకండి. ఆరేళ్ల లోపు పిల్లలకు ముందుగా తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. ఒక్కసారి ఒక్క పని చెప్పడం, పెద్ద పనిని చిన్న ముక్కలు చెయ్యడం, చేసిన మంచిని అప్పటికప్పుడే మెచ్చుకోవడం అందులో నేర్పుతారు. పెద్ద పిల్లలకు అవసరమైతే మందులు ఉన్నాయి. ఆకలి తగ్గడం, నిద్ర తగ్గడం లాంటి ఇబ్బందులు ఉండవచ్చు కాబట్టి డాక్టరు ఎత్తు, బరువు చూసుకుంటూ మోతాదు నిర్ణయిస్తారు. మందుల షాపులో అడిగి సొంతంగా వాడకూడదు, చెప్పకుండా ఆపకూడదు. బడిలో ఆ పిల్లాణ్ని ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టడానికి, మధ్యలో బోర్డు తుడవమనో డస్టర్ తెమ్మనో లేవనివ్వడానికి టీచరుకు ఖర్చేమీ కాదు. ఒలింపిక్స్‌లో 23 బంగారు పతకాలు గెలిచిన ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్‌కు తొమ్మిదేళ్లప్పుడు ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. మన పిల్లలు అంత గెలవనక్కర్లేదు. తమకు వచ్చిన లెక్కను తప్పు లేకుండా చెయ్యగలిగితే, నలుగురు స్నేహితులను నిలుపుకోగలిగితే చాలు.

తల్లిదండ్రులకు, టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ఏ పిల్లనైనా బద్ధకస్తురాలని, ఏ పిల్లాడినైనా పొగరుబోతని అనే ముందు, చెయ్యడం లేదా, చెయ్యలేకపోతున్నారా అని ఒక్కసారి ఆలోచించండి. చెయ్యలేకపోతున్నారన్న అనుమానం వస్తే, వచ్చే పరీక్షల దాకా ఆగకుండా ఈ వారమే డాక్టరుకు చూపించండి.